జామా మస్జిద్ మెట్ల మీద

గత నవంబరులో ఢిల్లీ వెళ్ళినప్పుడు, ఫజ్ర్ నమాజు ముగించుకొని జామా మస్జిద్ తూర్పు ద్వారం మెట్ల మీద కూర్చున్నాను. విద్యార్థి దశలో అక్కడ కూర్చుంటే ఎదురుగా ఎర్రకోట గోడలు స్పష్టంగా కనిపించేవి. ఆనాడు పొద్దెక్కినా కోట జాడ లేదు. షాజహాన్ కాలంలో 1656లో పూర్తయిన ఆ మస్జిద్ మీనార్ల కొనలే బూడిదరంగు తెరలో కలిసిపోయాయి. పొగమంచు కాబోలనుకొని గుండెల నిండా గాలి పీల్చాను. గొంతు మండింది.

నా సహాధ్యాయి ఒకరు బల్లీమారాన్‌లో ఉంటారు. జమాఅత్ తప్పని మనిషి. నేను వచ్చానని తెలిసీ ఆ ఉదయం మస్జిద్‌కు రాలేదు. ఇంటికి వెళ్తే దిగులుగా కూర్చొని ఉన్నారు. రెండేళ్ళ క్రితం గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. చలికాలంలో తెల్లవారుజామున బయట తిరగవద్దని వైద్యుడు ఆంక్ష పెట్టాడట.

“ఆయాసం రోగికి చెప్పవలసిన మాట గుండె రోగికెందుకు మౌలానా?” అన్నారు.

చాలామందిలో ఉన్న అపోహే ఇది. ఈ పొగలోని సూక్ష్మకణాల వ్యాసం 2.5 మైక్రోమీటర్లకు మించదు. తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ముక్కు వాటిని ఆపలేదు. ఊపిరితిత్తుల అంచులలోని గాలితిత్తుల దాకా పోయి వాపు పుట్టిస్తాయి. మరీ చిన్నవి రక్తంలోనూ చేరతాయి. రక్తపోటు పెరుగుతుంది, రక్తం సులభంగా గడ్డకడుతుంది, నాళాలలో పేరుకున్న కొవ్వుపొర చిట్లవచ్చు. నాళాలు ఇరుకైనవారికి కొన్ని గంటలు పీల్చినా ముప్పే. ఘనపు మీటరు గాలిలో ఇవి రోజు సగటున 15 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట; మన దేశపు హద్దు 60. ఢిల్లీ చలికాలంలో 200 దాటే రోజులు అరుదు కావు. వాహనాల పొగ, పొలాలలో కాల్చిన వరికొయ్యల పొగ నేలమీది చల్లని గాలిలో చిక్కుకొని పైకి పోలేవు.

“అనారోగ్యముంటే జమాఅత్‌కు మినహాయింపు ఉందని పిల్లలకు మనమే బోధిస్తాం కదా!” అన్నాను.

“బోధించడం తేలిక” అన్నారాయన.

అంతలో కోడలు అలవాటు ప్రకారం లోబాన్ ధూపం తెచ్చింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఏ పొగకు భయపడి ఆయన ఇల్లు కదలలేదో, అటువంటి పొగే గదిలో నిండసాగింది. “అమ్మా, దీనిని వెలుపల పెట్టు” అన్నాను. ఆ పిల్ల నొచ్చుకున్నది; కారణం చెప్పిన తరువాత తానే నిప్పు ఆర్పివేసింది.

ఎండ పడితే నేలమీది గాలి పైకి లేచి పొగ కొంత పలచబడుతుంది. జుహర్‌కు ఆయన మాస్కు ధరించి, నా భుజం పట్టుకొని నెమ్మదిగా నడిచి వచ్చారు. మెట్ల మీద నిలబడి చూస్తే ఎర్రకోట బురుజు ఒకటి మసకగా కనిపించింది.