బునాదిల మా రాయి

ఇల్లు కట్టే కాడ వినబడే మాటలు ఒకసారి లెక్కబెట్టి చూడుండ్రి. బునాది, దర్వాజ, కమాను, గిలాబు, నక్షా, మరమ్మతు, గజం. మేడ్చల్ అడ్డా మీద పొద్దుగాల పని కోసం నిలబడ్డ ఏ కులపోణ్ణి అడిగినా ఈ మాటలే చెప్తడు. ఇవి ఫార్సీవా, అరబ్బీవా అని ఎవ్వరూ అడగరు. ఎప్పుడో తెలుగైపోయినయి. మాటల్ని అడగనోళ్లు మనుషుల్ని మాత్రం అడుగుతరు: "మీరు అసలు ఏడికెల్లి వచ్చిండ్రు?"

ఈ ప్రశ్న ఊర్ల కంటే యూనివర్సిటీల ఎక్కువసార్లు విన్న. నేను సివిల్ ఇంజనీరింగుల ఎంటెక్ చదివిన. స్ట్రక్చరల్ నా సబ్జెక్టు. స్లాబు మీద పడ్డ బరువు దూలానికి, దూలం నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి బునాదికి, బునాది నుంచి నేలకు ఎట్ల దిగుతదో లెక్కగట్టే చదువు. ఆ లెక్కలతోపాటు ఇంకో లెక్క కూడా అక్కడనే నేర్చుకున్న. ఈ సమాజం బరువు ఎవరి మీద పడుతది, పేరు ఎవరికి పోతది అనే లెక్క.

మాది మేడ్చల్‌కు శామీర్‌పేటకు నడుమ ఒక ఊరు. ఎటు చూసినా గుండ్లు, గుట్టలు. నేలంత గ్రానైటు. మా తాత రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొట్టెటోడు. వాడంగ వాడంగ రోలు లోపల నున్నగైతది, పప్పు నలగదు. అప్పుడు ఉలితోని సన్నగ గాట్లు పెట్టాలె. సంచిల ఉలి, సుత్తె ఏసుకొని ఊరూరు తిరిగెటోడు. కూలి కింద జొన్నలు పోసేది. మిక్సీలు వచ్చినంక ఆ పని పోయింది. మా అబ్బా క్వారీల రాయి కొట్ట పోయిండు.

మా అసొంటోళ్లను పత్తర్ ఫోడ్ అంటరు, తురక కాష అంటరు. సర్కారు కాగితాలల్ల మేం ఉన్నమని నాకు తెలిసింది 2007ల. ఆ ఏడు పి.ఎస్. కృష్ణన్ నివేదిక మీద ముస్లింలల్ల వెనుకబడ్డ కులాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషను ఇస్తూ చట్టం వచ్చింది. ఆ జాబితాల అచ్చుకట్లోళ్లు, అత్తరు సాయెబులు, ఫకీర్లు, గారడోళ్లు, తురక చాకలోళ్లు, హజాములు, ఖురేషీలు, సిద్దీలు ఉన్నరు. వాళ్లతోపాటు రోళ్లకు కక్కు కొట్టేటోళ్లు, పత్తర్ ఫోడ్లు అని అచ్చుల రాసి ఉన్నది. మా తాత అరిచిన కేక అట్లనే చట్టం పుస్తకంల ఎక్కింది. సయ్యద్‌లను, పఠాన్లను, మొగల్‌లను ఆ జాబితాల చేర్చలేదు. 2010ల హైకోర్టు ఈ చట్టాన్ని కొట్టేసింది. అదే ఏడు సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోని రిజర్వేషను నిలబడ్డది. ఒక తరం పిల్లలు మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడి చదువుకున్నరు. నేను వాళ్లల్ల ఒకణ్ణి. 2023ల ఎన్నికల సభలల్ల ఈ 4 శాతం పీకేస్తమని అంటుంటే, మా అబ్బా టీవీ బంజేసి అన్నడు: "బేటా, మనకు ఇచ్చింది ఎంత అని పీకుతరు?"

2008ల బీటెక్ల చేరిన. ఆ ఏడే శామీర్‌పేట దిక్కు, జవహర్‌నగర్ కాడ బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ మొదలైంది. 1998ల పుట్టిన నల్సార్ లా యూనివర్సిటీ కూడా శామీర్‌పేటల్నే ఉన్నది. అటు మేడ్చల్ రోడ్డు పొంటి ఇంజనీరింగు కాలేజీలు వరుసగ లేచినయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. చెల్కలు ప్లాట్లైనయి. ఈ కట్టడాలన్నిటికి కంకర కావాలె, బునాది రాయి కావాలె. ఒక కాలేజీ కంపౌండు గోడకు మా అబ్బా రాయి కొట్టిండు. ఆ గోడ లోపల ఏం చదువు చెప్తరో ఆయనకు తెల్వది. రాయి గుణం మాత్రం తెలుసు. గుండు మీద చెయ్యి పెట్టి వాలు చూస్తడు. ఆ వాలు పొంటి వరుసగ రంధ్రాలు తొలిచి, ఇనుప మేకులు పెట్టి, ఒక్కో మేకు మీద ఒక్కో దెబ్బ కొట్టుకుంట పోతడు. ఒక్క మేకునే గట్టిగ కొడితే రాయి వంకర పగుల్తది. అన్నిటి మీద సమానంగ కొడితే గీత గీసినట్టు రెండు ముక్కలైతది. రాయికి నొక్కుడు బలం ఎక్కువ, గుంజుడు బలం తక్కువ అని నాకు బీటెక్ల పాఠం చెప్పిండ్రు. అది మా అబ్బా చేతులల్ల ముందుగాల్నే ఉన్నది.

శామీర్‌పేట దాటినంక తుర్కపల్లి వస్తది. అక్కడ్నే జీనోమ్ వ్యాలీ ఉన్నది. దేశ దేశాలకు పోయే టీకాలు, మందులు ఆ దిక్కు తయారైతయి. ఊరి పేర్ల "తుర్క" ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు, కంపెనీల చిరునామాలల్ల ఇంపుగ రాసుకుంటరు. అదే మాట మనిషికి తగిలిస్తే తిట్టైతది. మా ఊర్ల నన్ను "తురకోళ్ల పిలగాడు" అన్నోళ్లే పీర్ల పండుగకు మా ఇంటికొచ్చి మలీద ముద్దలు తిన్నరు, అలావ చుట్టూ ఆడిండ్రు. ఆ మాటల విషం ఎంత ఉన్నదో, అలవాటు ఎంత ఉన్నదో తూకమేసి చెప్పొచ్చు. యూనివర్సిటీల విన్న మాటకు ఆ తూకం కుదరలేదు. అక్కడ మర్యాదగ అడుగుతరు: "మీ ఇంట్ల ఉర్దూ కదా, తెలుగు ఇంత మంచిగ ఎట్ల వచ్చింది?" నా ఉర్దూ వింటే మసీదుల పెద్ద ఖాందాన్లోళ్లు నవ్వుతరు. నా తెలుగు వింటే క్లాసుల ఆశ్చర్యపోతరు. రెండు దిక్కులా నేను చుట్టపు చూపుకు వచ్చినోణ్ణే.

ఏటా సెప్టెంబర్ 15న కాలేజీల మోక్షగుండం విశ్వేశ్వరయ్య పటానికి దండ వేసి ఇంజనీర్ల దినం చేసుకున్నం. ఆయన గొప్పోడే. 1908 మూసీ వరద తర్వాత ఈ పట్నాన్ని ఎట్ల కాపాడాల్నో చెప్పింది ఆయన్నే. ఆ దారిల్నే 1920ల ఉస్మాన్ సాగర్, 1927ల హిమాయత్ సాగర్ పూర్తైనయి. కాని మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు నా బీటెక్ నాలుగేండ్లల్ల ఒక్క లెక్చరరు నోట వినలేదు. 2014ల తెలంగాణ వచ్చినంక ఆయన పుట్టిన రోజు జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగ ప్రకటించిండ్రు. అప్పుడు నేను ఎంటెక్‌ల ఉన్న. ఆ దినం ఒక దోస్తు నా భుజం తట్టి "మీవాళ్లకు కూడా ఒక రోజు ఇచ్చిండ్రు పో" అన్నడు. మంచి మనసుతోనే అన్నడు. అదే బాధ. నిజాంసాగర్ నీళ్లు తాగిన పంట అందరిది, ఇంజనీరు మాత్రం మా ఒక్కళ్లోడు!

ఇక్కడ ఇంకో మాట చెప్పాలె. అలీ నవాజ్ జంగ్ నవాబు. ఇంగ్లండుల చదివినోడు. ఆయనకూ మా తాతకూ మతం ఒకటే, దస్తర్ఖాన్ ఒకటి కాదు. ఆర్ట్స్ కాలేజీ భవనం చూసి మురిసిపోత. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఆర్కిటెక్టులు దేశాలు తిరిగి చూసొస్తే, బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్ నక్షా గీస్తే, 1939ల పూర్తైన కట్టడం అది. అజంతా, ఎల్లోరా స్తంభాల తీరూ కమాన్ల తీరూ ఒక్క తాన కలిసినయి. ఉస్మానియాల అప్పుడు ఇంజనీరింగు సుత ఉర్దూల్నే చెప్పిండ్రు. కాని ఆ క్లాసుల మా తాత లేడు. ఆయన అసొంటోళ్లు బయట రాయి చెక్కుతున్నరు. "మీరు పాలించినోళ్లు" అని ఎవరన్న అంటే నాకు నవ్వొస్తది. పాలించినోళ్ల పాపం మాకు పంచుతరు. వాళ్ల జాగీర్లల్ల మాకు గుంటెడు రాలేదు.

గుంబజ్‌ల లెక్క ఎంటెక్‌ల చెప్పిండ్రు. అర్ధగోళం గుంబజ్ తన బరువుకు తను పై భాగంల నొక్కుకుంటది, కింది భాగంల బయటికి విచ్చుకోవాలని చూస్తది. అందుకే కింద మందంగ కట్టి ఆ తోపుడును ఆపుతరు. ఆ క్లాసుల ఎనక బెంచి నుంచి ఒకడు మెల్లగ అన్నడు: "పడగొట్టాలంటే ఎన్ని సుత్తెలు కావాలె?" నలుగురు నవ్విండ్రు. 1992 డిసెంబర్ 6 నాటికి నాకు రెండేండ్లు. ఆ రోజు అయోధ్యల మూడు గుంబజ్‌లు ఒక్క పూటల కూలినయి. 2019ల సుప్రీంకోర్టు ఆ కూల్చుడు చట్టాన్ని ఘోరంగ ఉల్లంఘించుడే అన్నది, జాగ మాత్రం గుడికిచ్చింది. ఆ తోపుడు లెక్క పరీక్షల నేను తప్పులేకుండ రాసిన. ఆ నవ్వుల బరువు ఎటు దిగిందో మాత్రం ఏ పుస్తకం చెప్పలేదు.

ప్రాజెక్టుకు సున్నం తీసుకుంట అన్న. సిమెంటు కాలంల సున్నమేందని గైడ్ అన్నడు గాని, ఒప్పుకున్నడు. పాతబస్తీల ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి పోయిన. సున్నం నానబెట్టుడు, ఇసుక కలిపి గానుగల నూరుడు, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసుడు ఆయన చెప్పిండు. ల్యాబుల సిమెంటు దిమ్మెల తీరే 28 దినాలకు సున్నం దిమ్మె నొక్కి చూస్తే బలం చాన తక్కువ వచ్చింది. ఉస్తాద్ నవ్విండు. "బేటా, సున్నం గాలి తాగి రాయైతది. దానికి టైం ఇయ్యాలె" అన్నడు. సైన్సు అదే అంటది. సున్నం గాలిలున్న కార్బన్ డయాక్సైడును పట్టుకొని మెల్లమెల్లగ మళ్ల సున్నపురాయి అయితది. 1591ల కట్టిన చార్మినార్ ఆ గారతోనే నిలబడ్డది. 2019 మే నెలల ఒక మినార్ మీదికెల్లి గార పెచ్చు రాలిపడ్డప్పుడు, సున్నం పని తెలిసిన చేతుల విలువ ఏందో తెలిసింది. ఆ ఉస్తాద్‌కు సర్టిఫికెట్ లేదు. ఆయన కొడుకులు ఆ పని పట్టలేదు.

చదువైనంక ఒక కన్సల్టెన్సీల నౌకరీ దొరికింది. శామీర్‌పేట దిక్కే ఒక అపార్టుమెంటు పిల్లర్ల డిజైను నేను చెక్ చేసిన. అది పూర్తైనంక అందుల్నే ఒక ఫ్లాటు కిరాయికి అడిగిన. ఓనరు ఫోన్ల మంచిగనే మాట్లాడిండు. పేరు చెప్పినంక "ఫ్యామిలీతోని మాట్లాడి చెప్త" అన్నడు. మళ్ల ఫోను రాలేదు. ఆ బిల్డింగు భూకంపానికి ఎంత ఊగుతదో నాకు తెలుసు. అందుల నేను నిద్రపోవుడు మాత్రం కుదరదు.

"మీరు ప్రధాన స్రవంతిల కలవాలె" అని మంచోళ్లు కూడా అంటరు. సెక్యులర్ దోస్తులు సుత అంటరు. నా సబ్జెక్టుల్నే జవాబు చెప్త. ఆర్‌సీసీ అంటే కాంక్రీటు, ఉక్కు కలిసి పనిచేసుడు. కాంక్రీటు నొక్కుడును ఓర్చుకుంటది, ఉక్కు గుంజుడును ఓర్చుకుంటది. ఎండకు రెండూ ఇంచుమించు ఒక్క తీరే వ్యాకోచిస్తయి, అందుకే విడిపోవు. ఉక్కు కాంక్రీటైపోతే స్లాబు నిలబడదు. ఇంకోటి, నున్నటి సలాక కాంక్రీటుల జారుతది. అందుకే సలాక మీద గరుకు గీరలు పెట్టి తయారు చేస్తరు. ఆ గీరలే పట్టు. మా పేరు, మా గడ్డం, మా అమ్మీ బుర్ఖా, మా బక్రీదు — ఇవి అరగదీసి నున్నగ రమ్మంటే పట్టు పోతది. మా తాత చేసిన పని కూడా అదే కదా. నున్నగైన రోలుకు కక్కు కొడితేనే పప్పు నలిగేది.

అబ్బాకు ఇప్పుడు దమ్ము. ముందుగాల టీబీ అని నెలల తరబడి మందులు మింగించిండ్రు. తర్వాత తేలింది సిలికోసిస్ అని. రాతి దుమ్ము ఊపిరితిత్తులల్ల కూసుంటే మచ్చలు కడ్తయి, అవి మళ్ల మాయవు. నీళ్లు చల్లుకుంట రంధ్రాలు తొలిస్తే దుమ్ము తగ్గుతది. అది ఖర్చని చెయ్యరు. కట్టడపు పనోళ్ల కోసం 1996ల చట్టం వచ్చింది. కట్టే ఖర్చుల ఒక శాతం సెస్సు వాళ్ల సంక్షేమానికి పోవాలె. నా ఎంటెక్ సిలబస్‌ల ఆ చట్టం ఒక్క పేజీ లేదు. ఇప్పుడు ఆదివారం పూట మేడ్చల్ అడ్డా కాడ కూసొని, వచ్చినోళ్లకు ఆ కార్డు ఫారాలు నింపుతున్న. తురకోళ్లు ఉంటరు, వడ్డెరోళ్లు ఉంటరు, మాదిగోళ్లు ఉంటరు, పాలమూరు నుంచి, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినోళ్లు ఉంటరు. వృత్తి అని రాసే కాడ పత్తర్ ఫోడ్ అని రాస్త. ఒకాయన సిగ్గుపడి "కూలీ అని రాయి బిడ్డా" అన్నడు. "లేదు చాచా, రాయి పని అనే రాస్త, అది హునరు" అన్న.

మాకు మినార్ల ఘనత వద్దు, గుంబజ్‌ల నింద వద్దు. ఈ పట్నం బునాదిల మేం కొట్టిన రాయి ఉన్నదని ఒప్పుకోండ్రి. రాయి కొట్టినోనికి దమ్ము మందు ఇయ్యుండ్రి, వాని బిడ్డకు సీటు ఇయ్యుండ్రి, ఆ బిడ్డ లెక్కగట్టిన ఇంట్ల కిరాయికి ఒక అర్ర ఇయ్యుండ్రి.