అసలు తురకలు

తెలుగులో మమ్మల్ని తురకలంటారు. మా మాటని తురకం అంటారు. మేం టర్కీ చూళ్లేదు. మా తాతలూ చూళ్లేదు. మా వాళ్లలో దూదేకినవాళ్లున్నారు, జట్కా తోలినవాళ్లున్నారు, గాజులమ్మినవాళ్లున్నారు గానీ ఇస్తాంబుల్ నుంచి దిగినవాళ్లెవరూ లేరు. అయినా పేరు పడిపోయింది. అందుకేనేమో, అసలు తురకలు ఎక్కడైనా కనిపిస్తే మేం కాస్త ఆగి చూస్తాం. వాళ్లని అక్కడ ఏమంటున్నారో అని.

జర్మనీలో అలా కనిపించారు. మా భాంజా చదువుకోడానికి బోహుమ్ వెళ్లి అక్కడే ఉద్యోగంలో కుదిరాడు. అటు గెల్సెన్‌కిర్షెన్, ఇటు డోర్ట్‌మండ్, నడుమ వాడి ఊరు. అన్నీ బొగ్గు ఊళ్లే. ఫోన్ చేస్తే ఫుట్‌బాల్ గోలే. వాడే ఒక పాత మ్యాచ్ వీడియో పంపించి చూడమన్నాడు. 2011 జులై 23, సూపర్ కప్పు. షాల్కేకీ డోర్ట్‌మండ్‌కీ.

కిందటేడు లీగ్ గెలిచిన జట్టూ, జర్మన్ కప్పు గెలిచిన జట్టూ కొత్త సీజన్ మొదట్లో ఆడుకునే ఒకే ఒక్క ఆట ఇది. 1987లో పెట్టారు, 1996 తర్వాత ఆపారు, 2010లో మళ్లీ తెచ్చారు. నిజం చెప్పాలంటే పెద్ద కప్పేం కాదు. ఓడినవాళ్లు ఇది ఒళ్లు వంచుకోడానికి ఆడే ఆటేనంటారు, గెలిచినవాళ్లు మాత్రం అలా అనరు. ఆ ఏడు లీగ్ డోర్ట్‌మండ్‌ది, కప్పు షాల్కేది. ఆట షాల్కే సొంత ఊరు గెల్సెన్‌కిర్షెన్‌లో. తొంభై నిమిషాలు ఒక్క గోల్ లేదు. పెనాల్టీల్లో షాల్కే 4-3తో గెలిచింది. గోల్ లేని ఆటకి అంత గోల మేమెక్కడా వినలేదు.

రెండూళ్ల మధ్య ముప్ఫై కిలోమీటర్లుంటుందేమో. షాల్కే అభిమాని నోట డోర్ట్‌మండ్ అన్న మాట రాదు. 'ఉత్తర లూడెన్‌షైడ్' అంటాడు, దక్షిణాన కొండల్లో ఉన్న వేరే ఊరి పేరు తగిలించి. వాళ్లేం తక్కువ తిన్లేదు. గెల్సెన్‌కిర్షెన్‌ని 'పడమటి హెర్నె' అంటారు. శత్రువు ఊరి పేరే పలకని పగ.

మాకు ఆ పగ మీద అసూయ కలిగింది. ఎంత తిట్టుకున్నా డోర్ట్‌మండ్ వాణ్ని నీ దేశం పొమ్మని షాల్కే వాడు అనడు. ఓడితే ఓడినవాడే, పరాయివాడు కాడు. ఇంటివాళ్లయితేనే అలా కొట్టుకోగలరు.

ఈ ఇంటివాళ్లు కావడం ఆ ఊళ్లో కూడా అందరికీ ఊరికే రాలేదు. షాల్కే అంటే గని కూలీల జట్టు. బొగ్గు తవ్వడానికి తూర్పు ప్రష్యాలోని మసూరియా నుంచి వేలమంది వచ్చారు. వాళ్ల పిల్లలే ఎర్నెస్ట్ కుజోరా, ఫ్రిట్జ్ షెపాన్. పేర్లలో పోలిష్ వాసన. షాల్కేని పోలాకుల క్లబ్బని వెక్కిరించేవాళ్లు. 1934లో బెర్లిన్ ఫైనల్లో న్యూరెంబర్గ్ మీద చివరి నిమిషాల్లో షెపాన్ ఒకటి, కుజోరా ఒకటి కొట్టి 2-1తో షాల్కేకి మొదటి జర్మన్ ఛాంపియన్‌షిప్ తెచ్చారు. పోలండ్ పత్రికలు ఇది మావాళ్ల గెలుపేనని రాశాయి. అప్పటికే హిట్లర్ రాజ్యం. క్లబ్బు వెంటనే ఆటగాళ్ల తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారో జాబితా అచ్చు వేయించింది, వీళ్లంతా జర్మన్లేనని.

ఆ జాబితా దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. 2020 మొదట్లో జాతీయ జనాభా రిజిస్టర్ ప్రశ్నల్లో తల్లిదండ్రుల జన్మస్థలం కూడా ఉందని వార్త వచ్చింది. ఆ వార్తని రెండు భాషల్లో రాసి ఇంటికొచ్చి మా రేకు పెట్టె తెరిచాం. అబ్బా బడి సర్టిఫికెట్టు ఉర్దూలో ఉంది, మడతల దగ్గర చిరిగి. అమ్మీకి ఏ కాగితమూ లేదు. ఫలానా ఏడు చెరువు తెగినప్పుడు పుట్టిందని నానీ చెప్పేది. చెరువు తెగడం ఏ కాలమ్‌లో రాస్తారు? కరోనా వచ్చి ఆ పని ఆగింది. పెట్టె మాత్రం మళ్లీ అటక ఎక్కలేదు.

షెపాన్ కథ అక్కడితో ఆగితే బాగుండేది. జర్మనీ జట్టుకి కెప్టెన్ కూడా అయిన ఆయన, 1938లో యూదుల నుంచి గుంజుకున్న బట్టల కొట్టు ఒకటి దక్కించుకున్నాడు. తన పుట్టుక నిరూపించుకోవాల్సి వచ్చినవాడు నిరూపించుకోలేనివాడి కొట్టులో కూచున్నాడు. ఇది రాయకుండా వదిలేయొచ్చు. కానీ మా వాళ్లలోనూ అటువైపు చూసేవాళ్లున్నారు.

1961లో జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుంది. కూలీలు కావాలి. వచ్చినవాళ్లకి 'అతిథి కార్మికులు' అని పేరు పెట్టారు. అతిథి అంటే వెళ్లిపోయేవాడని అర్థం. వాళ్లు వెళ్లలేదు. గెల్సెన్‌కిర్షెన్‌లోనే 1988లో మెసుత్ ఓజిల్, 1990లో ఇల్కాయ్ గుందోగన్ పుట్టారు. (టర్కీ పలుకులో ఆ 'గ' వినిపించదు. ఉర్దూలో ఎలా రాయాలో మాకు డెస్కులో పెద్ద చర్చే జరిగింది. ఇల్కాయ్ అంటే తొలి చంద్రుడు, గుందోగన్ అంటే పొద్దుపొడుపు. ఒకే మనిషిలో రెండూ.) 2000లో చట్టం మారేదాకా అక్కడ పుట్టినంత మాత్రాన జర్మన్ కాడు. గుందోగన్‌ని చిన్నప్పుడు షాల్కే ఒక ఏడాది ఉంచుకుని పంపేసింది. 2011 వేసవిలో వాడు డోర్ట్‌మండ్ చేరాడు.

2018 మే నెలలో ఇద్దరూ లండన్‌లో టర్కీ అధ్యక్షుడు ఎర్డొగాన్‌తో ఫోటో దిగారు. ఎన్నికల ముందు, ఎంతోమంది పాత్రికేయుల్ని జైల్లో పెట్టినవాడి పక్కన ఆ నవ్వులు మాకూ నచ్చలేదు. కానీ అదే ఏడాది లోథార్ మథాయస్ పుతిన్‌తో ఫోటో దిగితే ఆయన్ని దేశం విడిచి పొమ్మన్నవాళ్లు లేరు. గుందోగన్ బంతి తాకితే సొంత ప్రేక్షకులే ఈలలు వేశారు. ప్రపంచ కప్పులో జర్మనీ మొదటి దశలోనే ఇంటికొచ్చింది. జులై 22న ఓజిల్ జర్మనీకి ఆడనన్నాడు. గెలిచినప్పుడు జర్మన్‌ని, ఓడినప్పుడు వలస వచ్చినవాణ్ని అన్నాడు.

ఆ మాటకి మాకు అనువాదం అక్కర్లేదు. 1996 మార్చి 9, బెంగుళూరులో ఇండియా-పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్. కెప్టెన్ మా హైదరాబాద్ అజహరుద్దీన్. మా ఇంట్లో టీవీ, వాకిలి దాకా వాడవాళ్లు. పాకిస్తాన్ వికెట్ పడ్డప్పుడల్లా బంతి కంటే మా చేతుల వంకే ఎక్కువ చూస్తున్నారు. మేం చప్పట్లు కొట్టాం. అందరూ ఆపాక కూడా కొట్టాం. మా సంతోషం నిజమే. ఆ పైన కొట్టిన నాలుగు చప్పట్లు మాత్రం సంతోషానివి కావు.

గుందోగన్ ఆడటం మానలేదు. 2023లో జర్మనీ కెప్టెన్ అయ్యాడు. 2024 జూన్ 29న యూరో పోటీల్లో డెన్మార్క్ మీద 2-0తో గెలిచిన రోజు, డోర్ట్‌మండ్ స్టేడియంలోనే, చేతికి ఆ పట్టీ కట్టుకుని దిగాడు.

మర్నాడు భాంజా ఫోన్ చేశాడు. వాడి మేడ కింద కూరగాయల కొట్టు నడిపే ముసలాయన తురకాయనే, అసలు తురక. తండ్రి షాల్కే గనిలో పనిచేశాడట. మనవాడు కెప్టెన్ అయ్యాడు, సంతోషమేనా చాచా అని వీడడిగాడు.

"ఏం సంతోషం," అన్నాడట ఆయన టమాటాలు ఏరుతూ, "ఆ లూడెన్‌షైడ్ వాళ్లకి ఆడినవాడేగా!"