పదవనాటి కాకి

మా నాన్నగారు భోజనానికి కూర్చునే ముందు పెరటిగోడ మీద కాకికి ముద్ద పెట్టేవారు. గారెలు వండిననాడు గారె ముక్క కూడా. అటువంటివారి పదవనాడు, బరంపురంలో చెరువుగట్టున పిండం పెడితే కాకి ముట్టలేదు. రాకేమి, వచ్చినవి. ఎదుటి చింతచెట్టు మీద అయిదారు కూర్చుని ఇటే చూస్తున్నవి. దిగవు. ఎండ ముదిరినది. అమ్మ పొద్దుటినుంచి మంచినీళ్ళయినా పుచ్చుకోలేదు.

"ఏదో కోరిక మిగిలిపోయినది నాయనా, మాట ఇవ్వండి" అన్నారు పెద్దలు.

ఆ కోరిక ఏమిటో మా నలుగురికీ తెలుసు. ఇల్లు అమ్మే విషయమై ఏడాదిగా మాలో మాకు మాటలు లేవు. చివరకు పెద్దన్నయ్య చేతులు జోడించి, "ఇల్లు అమ్మము నాన్నగారూ" అన్నాడు. కాకి దిగి పిండం ముట్టినది. అమ్మ భోరున ఏడ్చినది.

అయితే అంతదాకా గారెల పళ్ళెం చేతబట్టుకొని నిలుచున్న పిన్ని, సరిగా ఆ సమయానికే ఒక గారె పిండం పక్కన పెట్టినదట. ఆ మాట తరువాత తెలిసినది.

ఇదంతా ఇప్పుడు జ్ఞాపకం రావడానికి కారణం కేంబ్రిడ్జిలో అలెక్స్ ష్నెల్, నికోలా క్లేటన్ ప్రభృతులు 2022లో ప్రకటించిన పరిశోధన. వారు 10 జే పక్షులను పరీక్షించారు. (మన దేశంలో పాలపిట్టను 'బ్లూ జే' అనడం కద్దు గాని, దానికీ దీనికీ చుట్టరికం లేదు. అసలు జే కాకి కుటుంబంలోది.) ఎదుట రొట్టెగాని చీజుగాని ఉంటుంది. దానిని ముట్టక ఆగితే, కాసేపటికి పురుగు దొరుకుతుంది. పురుగంటే వాటికి ప్రాణం. కొన్ని 20 సెకన్లకు మించి ఆగలేకపోయినవి. ఒకటి మాత్రం 5 నిమిషాల 30 సెకన్లు ఆగినది! ఎక్కువసేపు ఆగగలిగినవే తెలివి పరీక్షలలోనూ మెరుగనిపించుకున్నవి. ఆగేటప్పుడు రొట్టెవంక చూడకుండా మొగం తిప్పుకొనేవట.

2014లో వెలువడిన మరొక పరిశోధనలో కాకులు, బొంతకాకులు మేలురకం తిండి కోసం ఓపిక పట్టినవి గాని, అదే తిండి మరికాస్త ఎక్కువ వస్తుందంటే అంతగా ఆగలేదు.

ఈ లెక్కన మా కాకి గారె కోసమే ఆగి ఉండాలి. పిన్ని మొదటినుంచీ అదే అంటున్నది. అమ్మ మాత్రం ఉన్నంతకాలం ఒప్పుకోలేదు. ఇల్లు మూడేళ్ళు తిరక్కుండా అమ్మేశాము. తొందరపెట్టినది మేము ముగ్గురమే. తద్దినంనాడు కాకికి ఇప్పటికీ గారె పెడుతున్నాము. చింతచెట్టు మాట వస్తే మాత్రం పెద్దన్నయ్య మొగం అటు తిప్పుకొని కూర్చుంటాడు.