కూర్పు

పాత తెలుగు చలనచిత్రాలలో పేర్లు వచ్చే వేళ ఛాయాగ్రహణం, కళ, సంగీతం అన్న మాటల సరసన 'కూర్పు' అన్న మాట కూడా కనిపించేది. ఎడిటింగు అనే ఆంగ్ల పదానికి మనవారు ఎంచి పెట్టిన తెలుగు మాట అది. ఎంత చక్కని మాట! మాల కట్టేవారు పూలను కూరుస్తారు. కవి పదాలను కూరుస్తాడు. విడివిడిగా చిత్రించిన దృశ్యాలను వరుసలో పొదిగి వాటికి ఒక అర్థం కలిగించడమూ కూర్పే. ఒకప్పుడు మద్రాసు, హైదరాబాదు నగరాల స్టూడియోలలో ఫిల్మును కత్తిరించి అతికిస్తూ చేసిన ఈ పని, నేడు చిన్న పట్టణాలలో ఇంటి ముందుగదిలో కంప్యూటరు మీద సాగిపోతున్నది. అయితే దృశ్యాలను కూర్చే కంప్యూటరును కూడా ముందుగా ఎవరో కూర్చుకోవాలి. ఏ భాగం కొనాలి, దేనికెంత ఖర్చు పెట్టాలి, దేనిని వదులుకోవాలి అన్న ఆలోచన అందులో ఇమిడి ఉన్నది.

ఖమ్మం జిల్లాలోని మధిర పట్టణాన్ని ఉదాహరణగా గ్రహించవచ్చు. వైరా నది ఒడ్డున, విజయవాడ - కాజీపేట రైలుమార్గం మీద ఉన్న ఊరు ఇది. చుట్టూ మిరప, పత్తి, వరి పొలాలు. శ్రీరామనవమి నాడు భద్రాచలంలో సీతారాముల కల్యాణం జరిగిందంటే ఇక తెలుగు నేలపై పెళ్ళి బాజాలు మొదలైనట్లే. మధిరలో వీడియో తీసేవారికి అక్కడి నుండి వైశాఖం దాటేదాకా తీరిక ఉండదు. చుట్టుపక్కల గ్రామాలే కాక, భద్రాచలం అడవి అంచు పల్లెల దాకా పిలుపులు వస్తాయి. చిత్రించినది నాలుగు గంటలైనా నలభై గంటలైనా, తిరిగి వచ్చి కూర్చి ఇవ్వవలసినదే. అదే సమయానికి ఆ ప్రాంతంలో ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. ఈదురుగాలికి కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. యంత్రానికి పని ఎక్కువయ్యే రోజులూ, దానికి ప్రాణసంకటమైన రోజులూ ఒకటే కావడం ఇక్కడి విశేషం. విదేశీయులు చల్లని గదులలో కూర్చుని ఇచ్చే సలహాలలో ఈ సంగతి ఉండదు.

ఆ ఊరిలో ఒక మిరప రైతు ఇంట ఇద్దరు కుమారులు. పెద్దవాడు పెళ్ళిళ్ళకు వీడియో తీసి, కూర్చి ఇస్తూ నాలుగు రాళ్ళు సంపాదిస్తున్నాడు. చిన్నవాడు ఇంటర్మీడియట్ విద్యార్థి. కంప్యూటరు ఆటలంటే చెవి కోసుకుంటాడు. పాత కంప్యూటరు మొరాయించడంతో, మిరప అమ్మగా వచ్చిన సొమ్ములో లక్ష రూపాయలు తండ్రి ఇందుకోసం వేరుగా తీశాడు. యంత్రం ఒక్కటే, దానిని వాడుకొనేవారు ఇద్దరు. అన్న ఒక పట్టీ రాశాడు, తమ్ముడు మరొకటి రాశాడు. రెండింటినీ కలిపితే రెండు లక్షలయింది.

విడి భాగాలు కొని యంత్రాన్ని కూర్చుకొనే వీలు ఎలా వచ్చిందో ఒక్కమాటలో చెప్పుకోవాలి. 1981లో ఐబీఎం సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును బయటి సంస్థల వద్ద దొరికే భాగాలతోనే నిర్మించి, దాని నిర్మాణ వివరాలను ప్రకటించింది. 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ కొలతల వల్ల ఒకరు చేసిన మదర్‌బోర్డు మరొకరు చేసిన పెట్టెలో ఇమిడింది. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి కంప్యూటరు బజారులు ఈ ఏర్పాటు పుణ్యమే.

అయితే భాగాలు ఒకదానిలో ఒకటి అమరినంత మాత్రాన కూర్పు కుదిరినట్లు కాదు. పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని ప్రతిపాదించాడు. ఒక అలంకారం దానంతట అది గొప్పది కాదు. ఉన్న చోటును బట్టి, పక్కనున్నవాటిని బట్టి, చెప్పే విషయాన్ని బట్టి దానికి విలువ. కంప్యూటరు భాగాలకూ ఇదే వర్తిస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే రైతుకు దీనిని వివరించనక్కరలేదు. కాలువ నిండుగా పారుతున్నా తూము ఇరుకైతే మడి తడవదు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డును బలహీనమైన ప్రాసెసరు పక్కన పెడితే జరిగేది అదే. తాడుంటే బొంగరం లేదు, బొంగరముంటే తాడు లేదన్న సామెత ఈ పనికి చక్కగా సరిపోతుంది.

ప్రాసెసరు దగ్గరే అన్నదమ్ములకు మొదటి పేచీ వచ్చింది. ఇంటెల్ ఐ5-14400 అన్నది ఒకటి, చివర 'ఎఫ్' అక్షరం చేరిన ఐ5-14400ఎఫ్ మరొకటి. రెండింటి వేగంలో భేదం లేదు. రెండవది కొంత చవక. తమ్ముడు దానినే రాశాడు. అతని వరకు అది తప్పు కాదు. ఆటలకు బొమ్మలు గీసే పని గ్రాఫిక్స్ కార్డుదే. కాని ఆ 'ఎఫ్' అన్నది ప్రాసెసరులోనే ఇమిడి ఉండే చిత్రవిభాగం ఇందులో పనిచేయదని చెప్పే గుర్తు. కెమెరాలు దృశ్యాలను కుదించి దాచుకుంటాయి. కూర్చే వేళ వాటిని క్షణక్షణం విప్పుతూ ఉండాలి. ఇంటెల్ క్విక్ సింక్ అనే విద్య ఆ చిత్రవిభాగంలోనే ఉన్నది. పెళ్ళి వీడియోలు చేసేవారు విస్తారంగా వాడే ఎడియస్ దానిని ఎంతో కాలంగా ఉపయోగించుకుంటున్నది. కొత్త కెమెరాలు రంగుల వివరాన్ని ఎక్కువగా నిలిపే 4:2:2 పద్ధతిలో చిత్రిస్తాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులకు ఆ పద్ధతిని విప్పే శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతో గాని అబ్బలేదు. ఒక్క అక్షరంతో అర్థం తారుమారు కావడం భాష చదివినవారికి వింత కాదు గాని, బజారులో అది డబ్బు రూపంలో తెలుస్తుంది.

ఇక జ్ఞాపకం. రెండు పదహారు గిగాబైట్ల పలకలు, మొత్తం ముప్పైరెండు, అన్నకు తప్పనిసరి. ఒకే పెద్ద పలకకు బదులు రెండు పెట్టడం వల్ల ప్రాసెసరుకు రెండు దారులలో సమాచారం అందుతుంది. మదర్‌బోర్డు డీడీఆర్4 రకమా, డీడీఆర్5 రకమా అన్నది ముందే చూసుకోవాలి. ఒకదాని పలక మరొకదాని గాడిలో దిగదు. 2025 చివరి నెలలలో ఈ పలకల ధర అమాంతం పెరిగింది. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతటా కడుతున్న భారీ గణన కేంద్రాలకే తయారీదారులు మొగ్గు చూపడం దానికి కారణం. మైక్రాన్ సంస్థ సాధారణ వినియోగదారులకు అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్ని విరమిస్తున్నట్లు ఆ డిసెంబరులోనే ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో గణన కేంద్రం లేస్తే మధిరలో ఒక రైతుబిడ్డ పట్టీలో అంకెలు మారిపోయాయి. మిరప ధర గుంటూరులో ఎందుకు పడిందో అర్థం కాక తల పట్టుకున్న తండ్రికి మాత్రం ఇది కొత్తగా తోచలేదు.

ఇద్దరి పట్టీలనూ ముందు పెట్టుకొని తండ్రి ఒక రాత్రి చాలాసేపు కూర్చున్నాడు. పేర్లు ఆయనకు తెలియవు. చివరకు ఒక ప్రశ్న అడిగాడు.

"వీటిలో ఏది చెడిపోతే మళ్ళీ కొనుక్కోలేంరా?"

"అన్నీ మళ్ళీ కొనవచ్చు నాన్నా" అన్నాడు చిన్నవాడు.

పెద్దవాడు కాసేపు మాట్లాడలేదు. "డిస్కు కూడా కొనవచ్చు. దానిలో ఉన్న పెళ్ళిని కొనలేం" అన్నాడు తరువాత.

నిజానికి అతడి పట్టీలో దృశ్యాలు దాచే డిస్కు ఒక్కటే ఉన్నది, అదీ అట్టడుగున. లెక్క వేస్తే సంగతి బోధపడుతుంది. 4కే చిత్రంలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు, మొత్తం 82,94,400. ఒక్కొక్క చుక్కకు మూడు బైట్ల చొప్పున, క్షణానికి ఇరవై అయిదు చిత్రాలు కుదించకుండా దాచాలంటే సెకనుకు అరవైరెండు కోట్ల బైట్లకు పైగా కావాలి. కెమెరా దానిని సెకనుకు వంద మెగాబిట్లకు కుదించి రాసినా గంటకు నలభై అయిదు గిగాబైట్లు అవుతుంది. రెండు కెమెరాలు ఆరేసి గంటలు పనిచేసిన పెళ్ళి 540 గిగాబైట్లు. ఒక్క ముహూర్తాల మాసంలో పది పెళ్ళిళ్ళు చేస్తే అయిదు టెరాబైట్లు దాటిపోతుంది. అంత సంపదనూ ఒకే డిస్కులో ఉంచడం, ఊరందరి నగలూ ఒకే ఇంటి బీరువాలో దాచడం వంటిది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని మళ్ళీ చిత్రించలేరు. ఆ పెళ్ళిలో అక్షతలు వేసిన తాతమ్మ వచ్చే ఏటికి ఉండకపోవచ్చు. ఆమె కదలిక, ఆమె గొంతు మిగిలేది ఆ డిస్కులోనే.

ప్రాచీన గ్రంథాల చరిత్ర తెలిసినవారికి ఈ భయం కొత్తది కాదు. నన్నెచోడుని కుమారసంభవం శతాబ్దాల పాటు మరుగున పడి ఉండి, తాళపత్ర ప్రతి దొరకగా, 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటించిన తరువాతనే లోకానికి తెలిసింది. ప్రతి దొరికింది కనుక కావ్యం దక్కింది. దొరకనివి ఎన్నో పేర్లుగానే మిగిలాయి. సి.పి. బ్రౌన్ కూడా తాళపత్రాలు సేకరించడంతో ఆగక, వాటికి మేలుప్రతులు రాయించాడు. కంప్యూటరు వాడుకలో దీనికే ఒక లెక్క ఉన్నది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, వాటిలో ఒక ప్రతి వేరే చోట.

ఆ రాత్రి పట్టీ తిరగబడింది. పని జరిగే వేగవంతమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి. దాచడానికి రెండు పెద్ద హార్డ్ డిస్కులు. ఒకటి పెట్టెలో ఉంటుంది, రెండవది బోనకల్లులోని మేనమామ ఇంటికి వెళుతుంది. రెండు ప్రతులు పూర్తయ్యే దాకా కెమెరాలోని కార్డును చెరపకూడదు. అప్పుడు మూడవ ప్రతి అదే అవుతుంది. ఇందుకు అయిన ఖర్చు తమ్ముడు కోరిన గ్రాఫిక్స్ కార్డు నుండి తగ్గింది. అతడు చిన్నబుచ్చుకున్నాడు. కాని వారి ఇంట ఉండబోయే తెర 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలది; 4కే చుక్కలలో అది నాలుగవ వంతు. ఆ తెరపై ఆటలు సాఫీగా సాగడానికి 145 వాట్ల ఆర్‌టీఎక్స్ 5060 చాలు. అంతకు మించిన కార్డు గొప్పదే, ఈ తెర ముందు దాని గొప్ప కనబడదు. తెర విషయంలో అన్న కూడా కొంత దిగివచ్చాడు. పసుపు పసుపుగా, పట్టుచీర అంచు దాని రంగులో కనబడే ఐపీఎస్ తెర కావాలన్నాడు. అందులోనే సెకనుకు వందసార్లకు పైగా మారే రకాన్ని తీసుకుంటే తమ్ముడికీ సరిపోయింది.

విద్యుత్తు లెక్కను పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ప్రాసెసరు గరిష్ఠంగా 148 వాట్లు, కార్డు 145, మిగిలినవి ఒక అరవై, తెర ముప్పై: మొత్తం 383. బజారులో మామూలుగా అంటగట్టే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లకు మించి మోయదు. గాలివాన రాత్రి కరెంటు పోయిన మరుక్షణం అది చేతులెత్తేస్తుంది; డిస్కు రాస్తున్న రాత సగంలో తెగుతుంది. కనుక 1000 వీఏ కావాలి. పవర్ సప్లై కూడా 650 వాట్లది, 80 ప్లస్ ముద్ర ఉన్నది, పేరున్న సంస్థది కావాలి. కొన్ని దుకాణాలలో రంగురంగుల దీపాల పెట్టె చూపి, ఊరూపేరూ లేని పవర్ సప్లైని అందులో కూరి ఇస్తారు. మెరిసేది కంటికి కనబడుతుంది, మోసేది కనబడదు.

ఎండ సంగతి మరొకటి. ఏ ఫ్యానైనా, నీటి గొట్టాల శీతలీకరణి అయినా యంత్రాన్ని గది వేడి కంటె చల్లగా చేయలేదు. పుష్యమాసంలో గది ఇరవై అయిదు డిగ్రీలున్నప్పుడు డెబ్బై అయిదు వద్ద నిలిచే ప్రాసెసరు, గది నలభై రెండు డిగ్రీలకు చేరిన వైశాఖంలో తొంభై దాటుతుంది. వంద సమీపించిందంటే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పని ఎక్కువగా ఉన్న నెలలోనే యంత్రం నెమ్మదిస్తుందన్నమాట. అందుకే ప్రాసెసరుతో వచ్చే చిన్న ఫ్యాను మార్చి పెద్దది పెట్టడం, ముందు భాగం జల్లెడలా ఉన్న పెట్టెను ఎన్నుకోవడం, దానిని బల్ల కింద గోడకు ఆనించకుండా ఉంచడం, ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు దీని దుమ్మూ దులపడం మధిరలో అవసరాలు. అద్దం తలుపు, రంగుల దీపాలు పట్టీలోంచి వాటంతటవే జారిపోయాయి.

అన్నదమ్ములిద్దరూ ఉదయపు బండిలో సికింద్రాబాదు వెళ్ళి, సాయంత్రానికి అట్టపెట్టెలతో తిరిగి వచ్చారు. ప్రతి వస్తువుకూ జీఎస్టీ బిల్లు, దాని మీద వస్తువు సంఖ్య రాయించుకున్నారు. హామీ కాలంలో ఏదైనా చెడితే అంత దూరం పంపవలసి వస్తుంది. పంపడానికి దాని పెట్టె ఉండాలి. ఖాళీ పెట్టెలను తండ్రి అటక మీద మిరప గోనెల పక్కన సర్దించాడు. రాత్రి భోజనాలయ్యాక తమ్ముడు సూచనల పుస్తకం చదువుతుంటే అన్న జ్ఞాపకపు పలకలను రెండవ గాడిలో, నాలుగవ గాడిలో దించాడు. మొదటిసారి మీట నొక్కగా తెర మీద ఏమీ రాలేదు. పన్నెండు గంటలు దాటాక తమ్ముడే చూశాడు, ప్రాసెసరుకు కరెంటు అందించే తీగ తగిలించనేలేదు.