గుర్రాల బాటలో మనిషి

అమెరికాలోని సియెర్రా నెవాడా కొండల్లో 100 మైళ్ళ బాట ఒకటున్నది. అది టాహో సరస్సు సమీపాన బయలుదేరి ఆబర్న్ పట్టణం చేరుతుంది. 1955 నుంచీ ఆ బాటను గుర్రాలపై 24 గంటల్లో దాటే పందెం జరుగుతున్నది. 1973లో గార్డీ ఐన్‌స్లీ అనే అతని గుర్రం దారిలో కుంటుపడింది. మరుసటి ఏడు అతను గుర్రం లేకుండానే, గుర్రాలతోపాటు పరిగెత్తసాగాడు!

ఎక్కటమే కష్టమని మీరనుకుంటారేమో. కొండ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటిబరువును ఆపాలి. అందుచేత దిగటమే ఎక్కువ నొప్పి. పైగా లోయల్లో మండే ఎండ, దాటవలసిన నది. గడువుకు 18 నిమిషాలుండగా గార్డీ ఆబర్న్ చేరాడు.

ఇప్పుడక్కడ మనుషులకు వేరే పందెమున్నది. 24 గంటలలోపల చేరితే నడుముపట్టీకి వెండి బిళ్ళ, 30 గంటలలోపల చేరితే కంచు బిళ్ళ ఇస్తారు.