సీరాళా... ఇంటికి రా!

దేవుడు అడగాలేగానీ ఏదైనా ఇచ్చేస్తామంటాం. తలనీలాలు ఇస్తాం, నిలువుదోపిడీ ఇస్తాం. మరి ఆ దేవుడే కన్నబిడ్డను అడిగితే? ఆ ప్రశ్నను పదమూడు వందల ఏళ్లకు పైగా మోస్తున్న పల్లె ఒకటి తమిళనాడులో ఉంది. పేరు తిరుచెంగాట్టంగుడి. మన శ్రీనాథుడు కావ్యంగా మలచిన చిరుతొండనంబి కథకు పుట్టిల్లు అదే. పిల్లాడిని బలి అడిగిన దేవుడి గుడికి, పిల్లలు కావాలని జనం వెళ్తారు. అదే ఆ ఊరి విచిత్రం!

కావేరి పాయలుపాయలుగా చీలి సముద్రం వైపు సాగే చోటు తిరువారూరు జిల్లా. ఎటు చూసినా వరి చేలు, కాలువ గట్లు, కొబ్బరి తోటలు. నాలుగు మైళ్లు వెళ్తే ఒక గోపురం. శైవుల తేవారంలో పాటలు పొందిన క్షేత్రాలు ఇంత దగ్గరదగ్గరగా ఉండే ప్రాంతాలు తక్కువ. తిరుచెంగాట్టంగుడికి వెళ్లేవాళ్లు ముందుగా జిల్లా కేంద్రమైన తిరువారూరులో ఆగుతారు. ఆగాలి కూడా. ఎందుకంటే అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

రాతిరథం కింద రాకుమారుడు

తిరువారూరు అనగానే సంగీతం తెలిసిన తెలుగువాళ్లకు త్యాగయ్య గుర్తొస్తాడు. ఆయన 1767లో పుట్టింది ఈ ఊళ్లోనే. ముత్తుస్వామి దీక్షితర్, శ్యామశాస్త్రి కూడా ఇక్కడివాళ్లే. ఊరి నడుమ త్యాగరాజస్వామి ఆలయం, దాని పక్కన సముద్రంలా కమలాలయం కొలను. ‘కోవెల అయిదు వేలి, కొలను అయిదు వేలి’ అని స్థానికులు చెప్పుకుంటారు. వేలి అంటే అక్కడి పాతకాలపు పొలం కొలత. గుడి ఎంతో కొలనూ అంతే అన్నమాట.

ఆ గుడి బయట ఈశాన్యం మూలన రాతితో చెక్కిన రథం ఒకటి ఉంది. దాని కథ తమిళనాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. మనునీతి చోళుడనే రాజు న్యాయం కోరేవాళ్ల కోసం కోట గుమ్మానికి గంట కట్టించాడు. ఓ రోజు ఆ గంట మోగించింది మనిషి కాదు, ఆవు! రాకుమారుడి రథం కింద పడి దాని దూడ చనిపోయింది. ప్రాయశ్చిత్తం చేసుకుంటే చాలని మంత్రులు సర్దిచెప్పబోయారు. రాజు వినలేదు. ‘ఈ తల్లి పడుతున్న కడుపుకోత నేనూ పడాలి’ అన్నాడు. రాకుమారుడి మీదుగా రథం నడపమని మంత్రికి చెబితే ఆయన ఆ పని చేయలేక ప్రాణం తీసుకున్నాడు. చివరికి రాజే పగ్గాలు పట్టాడు. అప్పుడు త్యాగరాజస్వామి ప్రత్యక్షమై దూడను, మంత్రిని, కొడుకును ముగ్గురినీ బతికించాడని పురాణం.

ఈ కథ వింటుంటే మనకు బెజవాడ గుర్తొస్తుంది. మాధవవర్మ కొడుకు రథం కింద చింతచిగురు అమ్ముకునే పేదరాలి బిడ్డ చనిపోవడం, రాజు సొంత కొడుక్కే మరణశిక్ష వేయడం, దైవం మెచ్చి కనకవర్షం కురిపించడం... ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి వెళ్లిన ప్రతి కుటుంబంలోనూ పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే కథే.

ఈ రెండు కథల్లో తండ్రి ఎంత కఠినంగా కనిపించినా మనసు కాస్త సర్దుకుంటుంది. అవతల ఇంకో తల్లి ఏడుస్తోంది. ఆమెకు న్యాయం జరగాలి. కానీ తిరుచెంగాట్టంగుడిలో అలాంటి తల్లి లేదు. తప్పు చేసినవాడూ లేడు. దైవం అడిగింది, అంతే!

సేనాని... చిన్న సేవకుడయ్యాడు

తిరుప్పుగలూరు, తిరుక్కణ్ణపురం, తిరుమరుగల్... ఇలా పేరున్న క్షేత్రాల సమీపంలో ఉంటుంది తిరుచెంగాట్టంగుడి. చెంగాడు అంటే ఎర్ర అడవి. వినాయకుడు గజముఖాసురుణ్ని చంపినప్పుడు ఆ నెత్తురుతో అడవి ఎర్రబడిందని, ఆ పాపం పోగొట్టుకోవడానికి ఇక్కడ శివుణ్ని కొలిచాడని స్థలపురాణం. అందుకే ఈ గుడికి గణపతీశ్వరమని పేరు.

ఈ ఊరివాడే పరంజోతి. పల్లవ రాజు మొదటి నరసింహవర్మ దగ్గర సేనాని. క్రీ.శ. 642లో పల్లవులు చాళుక్యుల రాజధాని వాతాపిని కొల్లగొట్టారు. ఆ విజయం ఈయనదేనని శైవ గ్రంథమైన పెరియపురాణం చెబుతుంది. తమిళ రచయిత కల్కి ‘శివగామియిన్ శపథం’ నవలలో కనిపించే పరంజోతి ఈయనే. వాతాపి నుంచి గణపతి విగ్రహాన్ని తెచ్చి సొంతూళ్లో ప్రతిష్ఠించాడని జనం నమ్మకం. గుడిలో ఇప్పటికీ వాతాపి గణపతి పూజలందుకుంటున్నాడు. అయితే విగ్రహాన్ని తెచ్చిన మాట పెరియపురాణంలో లేదు. తిరువారూరు గుడిలోనూ వాతాపి గణపతి ఉన్నాడు.

ఆయన గొప్ప శివభక్తుడని తెలిసి రాజు నొచ్చుకున్నాడట. యుద్ధానికి పంపి తప్పు చేశానని, కావలసినంత ధనమిచ్చి ఇంటికి పంపేశాడట. ఊరికి తిరిగొచ్చిన పరంజోతి, శివభక్తులకు అన్నం పెట్టాకే తాను తినాలని నియమం పెట్టుకున్నాడు. ప్రతి భక్తుడి ముందూ చిన్నవాడిలా ఒదిగి నిలబడేవాడు. అందుకే ‘చిరుతొండర్’ అయ్యాడు. చిన్న సేవకుడని అర్థం. భార్య తిరువెణ్కాట్టు నంగై. ఒక్కగానొక్క కొడుకు సీరాళుడు. అప్పుడప్పుడే బడికి వెళ్తున్నాడు.

ఆదే కాలంలో జీవించిన తిరుజ్ఞాన సంబంధర్ ఈ గుడి మీద పాడిన పాటల్లో చిరుతొండర్ పేరుంది. సీరాళుడి కథను పూర్తిస్థాయిలో చెప్పింది మాత్రం 12వ శతాబ్దంలో పెరియపురాణం రాసిన సేక్కిళార్.

ఆ ఇంట్లో ఏం జరిగింది?

ఆ రోజు ఎంత వెతికినా భోజనానికి ఒక్క అతిథీ దొరకలేదు. ఇంటికి వచ్చేసరికి భార్య చెప్పింది, ఉత్తరదేశం నుంచి భైరవ వేషంలో ఒక సన్యాసి వచ్చాడని, గుడిలో ఆత్తి చెట్టు కింద ఉంటానన్నాడని. ఆత్తి అంటే మనం ఆరె అనే చెట్టు. ఆ ఆలయ వృక్షం ఇప్పటికీ అదే. చిరుతొండర్ పరుగున వెళ్లి పిలిచాడు. సన్యాసి తన షరతు చెప్పాడు. ‘ఆరు నెలలకోసారి తింటాను. నేను తినేది నరమాంసం. అయిదేళ్ల పిల్లాడు కావాలి. ఏ లోపమూ ఉండకూడదు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకై ఉండాలి. తల్లి పట్టుకోవాలి, తండ్రి కోయాలి. ఇద్దరూ మనస్ఫూర్తిగా సంతోషంతో చేయాలి!’

ఈ చివరి మాటే అన్నిటికన్నా కఠినం. బిడ్డను ఇవ్వడమే కాదు, ఏడవకూడదు కూడా.

అలాంటి బిడ్డను డబ్బుకు ఎవరిస్తారు? భార్యాభర్తలు ఆలోచించుకుని చివరికి తమ కొడుకునే ఇవ్వాలనుకున్నారు. తండ్రి బడికి వెళ్లాడు. నాన్నను చూసి గజ్జెలు ఘల్లుమనేలా పరుగెత్తుకొచ్చిన పిల్లాడిని భుజాన ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. తల్లి ముఖం తుడిచింది. జుట్టు సవరించింది. ఇది లోకం ఒప్పుకునే పని కాదని వాళ్లకూ తెలుసు. అందుకే ఎవరి కంటా పడకుండా ఇంటి లోపలే చేశారంటాడు సేక్కిళార్. అమ్మానాన్నలు ఎందుకో సంతోషంగా ఉన్నారనుకుని పిల్లాడు కూడా నవ్వాడట!

వంట అయింది. విస్తరి వేశారు. తల పనికిరాదని తల్లి పక్కన పెట్టించింది. సన్యాసి అదీ కావాలన్నాడు. అడుగుతాడేమోనని దాసి చందన ముందే వండి ఉంచింది. అప్పుడు ఆయన మరో మెలిక పెట్టాడు. ‘ఒక్కణ్నే తినను. నీ కొడుకును పిలువు’ అన్నాడు. ‘వాడిప్పుడు మనకు ఉపయోగపడడు స్వామీ’ అన్నాడు తండ్రి. అంతకుమించి నోరు పెగల్లేదు. ‘వాడొస్తేనే తింటా’నన్నాడు సన్యాసి. భార్యాభర్తలిద్దరూ వీధి గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. రాడని తెలిసీ పిలిచారు. ‘సీరాళా... రా!’

బడి నుంచి వస్తున్నట్టే పరుగెత్తుకుంటూ వచ్చాడు సీరాళుడు.

బిడ్డను ఎత్తుకుని లోపలికెళ్తే సన్యాసి లేడు. విస్తట్లో మాంసమూ లేదు. అప్పుడు శివుడు దర్శనమిచ్చాడు. ఒంటరిగా కాదు... పక్కన పార్వతి, వెంట కొడుకు కుమారస్వామి! పరీక్ష పెట్టినప్పుడు ఇల్లూవాకిలీ లేని సన్యాసిలా వచ్చినవాడు, వరమిచ్చేటప్పుడు ఆలుబిడ్డలున్న తండ్రిగా వచ్చాడు. అమ్మానాన్నల మధ్య బిడ్డ ఉండే ఆ రూపాన్నే సోమాస్కందుడు అంటారు. తిరువారూరులో ముఖం తప్ప మిగతా రూపం పూలు, వస్త్రాల చాటునే ఉండే త్యాగరాజస్వామి కూడా సోమాస్కందుడే.

తెలుగులో సిరియాళుడు

ఈ కథ తమిళనాట ఆగలేదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోకి వచ్చింది. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు హరవిలాసంలో విస్తరించి రాశాడు. తెలుగుకు వచ్చేసరికి పల్లవ సేనాని కంచిలో వర్తకుడైపోయాడు. తల్లి తిరువెంగనాంచి అయింది. సీరాళుడు సిరియాళుడయ్యాడు. శ్రీనాథుడు ఆ కావ్యాన్ని అంకితమిచ్చింది కూడా అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడికే. తర్వాత హరికథల్లో, నాటకాల్లో ఈ కథ విని కంటతడి పెట్టని తల్లి ఉండేది కాదు. కథలో తల్లికి ఏడవడానికి అనుమతి లేదు. ఆ ఏడుపంతా వినేవాళ్లే ఏడ్చారు.

ఇలాంటి పరీక్ష మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. యూదులు, క్రైస్తవులు చదివే గ్రంథంలో అబ్రహాము తన కొడుకు ఇస్సాకును మోరియా ప్రదేశంలోని కొండ మీదకు తీసుకెళ్తాడు. ముస్లింలు ఇబ్రహీం ప్రవక్త త్యాగాన్ని ఏటా బక్రీద్ నాడు తలుచుకుంటారు. అక్కడ కత్తి దిగకముందే దైవం ఆపింది. బిడ్డకు బదులు పొట్టేలు వచ్చింది. ఇక్కడ కత్తి ఆగలేదు. కానీ బిడ్డ ఆగిపోలేదు. ఏ కథా బిడ్డ చావుతో ముగియడానికి ఒప్పుకోలేదు.

ఈ తేడాను మరిచిపోతేనే ప్రమాదం. 2021లో ఆంధ్రప్రదేశ్‌లోనే బాగా చదువుకున్న తల్లిదండ్రులు, మళ్లీ బతికొస్తారన్న నమ్మకంతో ఎదిగిన కూతుళ్ల ప్రాణాలు తీశారన్న ఆరోపణపై అరెస్టయ్యారు. ఆ పిల్లలు తిరిగి రాలేదు. పురాణంలో పిలిస్తే పలికిన బిడ్డ ఇంట్లో పలకడు. భక్తి ఎంత గొప్పదో చెప్పడానికి పూర్వకవులు ఊహించగలిగిన అతి పెద్ద నష్టం కన్నబిడ్డ. అంతకన్నా విలువైనది వాళ్లకు దొరకలేదు. ఆ కథ నుంచి నేర్చుకోవాల్సింది బిడ్డ విలువే కానీ, కత్తి పట్టడం కాదు.

చిత్తిరై భరణి రోజున...

ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తిరుచెంగాట్టంగుడి జనానికి తెలుసు. వాళ్లు ఏటా తమిళ చిత్తిరై మాసంలో, అంటే ఏప్రిల్-మే నెలల్లో భరణి నక్షత్రం రోజున ‘అముదు పడైయల్’ వేడుక చేస్తారు. అన్నం వడ్డించే పండుగ అని అర్థం. ఉత్తరాపతీశ్వరుడిగా పిలిచే ఆ ఉత్తరదేశపు సన్యాసి ఉత్సవమూర్తి ఊరేగింపుగా బయల్దేరతాడు. నాటి కథంతా మళ్లీ జరుగుతుంది. పిలుపు వినిపిస్తుంది. సీరాళుడు వస్తాడు. ఆ రోజు ప్రసాదానికి సీరాళుడి పేరే. అది పూర్తిగా శాకాహారం. దాన్ని కళ్లకద్దుకుని తినేది ఎవరో తెలుసా? పిల్లల్లేని దంపతులు! ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దేవుడు అడిగాడని బిడ్డను ఇచ్చేసిన ఇంటి ముందు నిలబడి, మాకో బిడ్డనివ్వమని ఆ దేవుణ్నే అడుగుతారు.

గుడిలో చిరుతొండర్ ఒక్కడే లేడు. భార్య, కొడుకు, దాసి చందన... నలుగురూ ఉన్నారు. భక్తులు కొడుకు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతారు. ఒళ్లో పసిపాపతో మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన తల్లులైతే మరీను.

ఇలా వెళ్లొచ్చు

తిరుపతి నుంచి మన్నార్‌గుడి వెళ్లే పామణి ఎక్స్‌ప్రెస్ మయిలాడుదురై, తిరువారూరు మీదుగా వెళ్తుంది. తిరువారూరులో దిగి త్యాగరాజస్వామిని, రాతిరథాన్ని చూసుకుని కారులో బయల్దేరితే తిరుచెంగాట్టంగుడితో పాటు, అప్పర్ స్వామి శివైక్యం పొందిన తిరుప్పుగలూరు, వైష్ణవ దివ్యదేశమైన తిరుక్కణ్ణపురం ఒకే రోజులో చూసిరావచ్చు. మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే బయల్దేరడం మంచిది. భరణి ఉత్సవానికి వెళ్లాలనుకుంటే ఆ ఏడాది తేదీ ముందుగా కనుక్కోవాలి.