సూరత్ నుంచి గోల్కొండకు గూడుబండి

సూరత్ నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయంలో అడుగుపెట్టే వారిలో, ఆ భవనం ఒకప్పటి సత్రమని ఎరిగినవారు కొద్దిమందే. షాజహాను ఏలుబడిలో, 1644లో, హకీకత్ ఖాన్ అనే అధికారి బాటసారుల కోసం కట్టించిన మొఘల్ సరాయి అది. మక్కాకు ఓడ ఎక్కవలసిన యాత్రికులు, ఓడ దిగి దేశంలోపలికి పోవలసిన వర్తకులు ఆనాడు ఇటువంటి సరాయిలలోనే విడిది చేసేవారు. తపతీ నది ఒడ్డున ఉన్న ఈ రేవు మొఘల్ సామ్రాజ్యానికి పడమటి సింహద్వారం.

ఓడ దిగిన వర్తకుని ముందు మూడు ప్రశ్నలు నిలిచేవి. ఏ బండి ఎక్కాలి? దానిని కొనాలా, బాడుగకు తీసుకోవాలా? దారిఖర్చుకూ వ్యాపారానికీ కావలసిన సొమ్మును ఎలా సమకూర్చుకోవాలి? గోల్కొండకు వెళ్ళదలచినవానికి ఇవి మరింత ముఖ్యమైన ప్రశ్నలు. నెల రోజులకు పైబడిన ప్రయాణంలో బండే అతని పడకగది. బండే అతని కొట్టుగది.

నేటి ప్రపంచంలోనూ ఈ ప్రశ్నలు మారలేదు. అమెరికాలో అనేక కుటుంబాలు వంటగది, పడకలు అమర్చిన మోటారు ఇంటిని వాయిదాల మీద కొని, రాళ్ళదారుల్లో తిరగడానికి ఒక జీపును దాని వెనుక తగిలించుకొని దేశాటనకు బయలుదేరుతాయి. మన దేశంలో కూడా కేరళ ప్రభుత్వం 2021లో ఇటువంటి బండ్ల విహారానికి ప్రత్యేక విధానం ప్రకటించింది. బండి ఎంత బరువు లాగగలదు, ఏడాదిలో ఎన్ని రోజులు తిరుగుతుంది, వడ్డీ ఎంత అన్న లెక్క వేసుకోకుండా కొన్నవారు తరువాత విచారిస్తారు. ఈ లెక్కను ఎంతో శ్రద్ధగా వేసి, అంకెలతో సహా రాసిపెట్టిన వ్యక్తి పదిహేడవ శతాబ్దంలోనే సూరత్‌లో కనిపిస్తాడు.

వజ్రాల వర్తకుని లెక్క

ఆయన పేరు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. 1605లో పారిస్‌లో జన్మించిన ఈ రత్నాల వర్తకుడు తూర్పు దేశాలకు ఆరుసార్లు యాత్ర చేశాడు. ఆయన గ్రంథం 1676లో వెలువడింది. రాజుల వైభవాన్ని వర్ణించిన యాత్రికులు ఎందరో ఉన్నారు. ఎద్దు కొమ్ము ఎంత పొడవుండాలో చెప్పినవాడు మాత్రం టావెర్నియరే.

ఈ దేశంలో గుర్రం చేసే పని ఎద్దు చేస్తుందని ఆయన మొదటే గ్రహించాడు. సవారీకి ఎద్దును ఎంచుకునేటప్పుడు కొమ్ములు అడుగుకు మించి ఉండరాదని హెచ్చరించాడు. ఈగలు కుట్టినప్పుడు ఎద్దు తలను వెనక్కు విసురుతుంది. కొమ్ము పొడవైనదైతే పైన కూర్చున్నవాని పొట్టలో దిగుతుంది. అలా జరిగిన సందర్భాలు ఉన్నాయని కూడా ఆయన రాశాడు.

ప్రయాణపు బండి తేలికైనది. ఇద్దరు కూర్చోవచ్చు, కాని సుఖంగా పోదలచినవాడు ఒక్కడే ఎక్కి, తన దుస్తులను పక్కన పెట్టుకునేవాడు. పానీయాలు, చిన్న సామాను బండి కిందిభాగంలో ఇమిడేవి. పైన తెరలు, లోపల దిండ్లు ఉండేవి. రెండే ఎద్దులు. ఒక లోపం మాత్రం ఉన్నది: కుదుపును ఆపే వేలాడు పట్టీలు ఉండేవి కావు. రాతిబాటపై ప్రతి గుంతా ప్రయాణికుని నడుముకు తెలిసేది.

బాడుగ రోజుకు సుమారు ఒక రూపాయి. సూరత్ నుంచి ఆగ్రాకు ముప్పయిఅయిదు, నలభై రోజుల ప్రయాణం; మొత్తం బాడుగ 40 నుంచి 45 రూపాయలు. సూరత్ నుంచి గోల్కొండకు దూరమూ దాదాపు అంతే, బాడుగా అంతే.

ఈ సుఖం చాలదని టావెర్నియర్ తన చివరి యాత్రలో ఐరోపా పద్ధతిలో ఒక బండిని ప్రత్యేకంగా చేయించుకున్నాడు. దానికి కట్టిన రెండు ఎద్దులకే దాదాపు 600 రూపాయలు అయినాయి. ఆ కాలంలో ప్రయాణికుని వెంట నడిచే సాయుధ భటుని నెల జీతం 4 రూపాయలు. అంటే ఆ ఎద్దుల జత ఒక భటుని పన్నెండున్నర ఏళ్ళ సంపాదన! బాడుగ బండిలో అయితే ఆ సొమ్ముతో పదమూడుసార్లు గోల్కొండకు పోవచ్చు.

అయినా ఆయన కొన్నాడు. కారణం ఉన్నది. ఇటువంటి మేలుజాతి ఎద్దులు రోజుకు పన్నెండు, పదిహేను లీగుల చొప్పున, ఆగకుండా దుడుకు నడకతో, అరవై రోజుల ప్రయాణం చేయగలవు. సగం దూరం పోయిన తరువాత గోధుమపిండిని వెన్న, నల్లబెల్లంతో కలిపి చేసిన ముద్దలు రెండు మూడు పెట్టేవారు. సాయంత్రం అరగంట నానిన శనగపప్పు. ఏటా దేశమంతా తిరిగే రత్నాల వర్తకునికి కాలమే ధనం. ఒక్కసారి వచ్చి పోయేవానికి మాత్రం అదే ఎద్దుల జత మోయరాని బరువు. బండి మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఎవరికి మంచిది అన్నదే అసలు ప్రశ్న.

బండి కంటె కాపలా ప్రియం

పొరపాటు లెక్క వేసేవారు బండి ధర వద్దనే ఆగిపోతారు. గౌరవంగా ప్రయాణం చేయదలచినవాడు విల్లంబులు, తుపాకులు ధరించిన ఇరవై ముప్పయి మందిని వెంటబెట్టుకోవాలని టావెర్నియర్ చెప్పాడు. తలకు నెలకు 4 రూపాయల చొప్పున నెలకు 80 నుంచి 120 రూపాయలు. కాపలా ఖర్చు బండి బాడుగకు రెండింతలకు పైన, ఒక్కొక్కప్పుడు నాలుగింతలు!

బండికి బదులు పల్లకీ ఎక్కవచ్చు. ఆరేడు అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల పడక అది. తొందర ఉన్నవాడు మార్చి మార్చి మోయడానికి పన్నెండు మంది బోయీలను పెట్టుకునేవాడు. వారికీ నెలకు నాలుగేసి రూపాయలే. ప్రయాణం అరవై రోజులు దాటితే ఐదు. అంటే నెలకు 48 రూపాయలు. నెలకు 30 రూపాయలయ్యే బండి బాడుగ కంటె హెచ్చు.

సరుకు బండ్ల కథ వేరు. ఒక్కొక్క దానికి పది, పన్నెండు ఎద్దులు. నూరు, రెండు వందల బండ్లు ఒక బిడారుగా కదిలేవి. ప్రతి బండికి నలుగురు భటులు ఇరుపక్కలా నడుస్తూ, బండి మీదుగా పోయే తాళ్ళను పట్టుకునేవారు. బండి ఒరిగినప్పుడు ఆ తాళ్ళను బిగబట్టి దానిని నిలబెట్టడం వారి విధి. ఇరుకు దారిలో ఎదురుగా మరో బిడారు వస్తే, అది దాటిపోయేవరకు రెండు మూడు రోజులు కదలకుండా ఉండవలసి వచ్చేది.

హుండీ మహిమ

1645 జనవరిలో టావెర్నియర్ సూరత్ విడిచి గోల్కొండ దారి పట్టాడు. సాలెవారితో నిండిన నవాపురం ఊరును, అక్కడ పండే, కస్తూరి వాసన గుబాళించే సన్నబియ్యాన్ని ఆయన మరచిపోలేదు. దౌలతాబాదు మీదుగా 324 క్రోసుల దూరాన్ని 27 రోజులలో ముగించాడు.

దారిలో అన్నిటికంటె ప్రమాదకరమైన సామాను రొక్కం. అందుకు సూరత్ వర్తకలోకం వాడిన ఉపాయం హుండీ. షరాబు లేని ఊరు మరీ చిన్న ఊరై ఉండాలని టావెర్నియర్ అన్నాడు. గోల్కొండలో సొమ్ము పుచ్చుకొని, సరుకు కొని, సూరత్ చేరిన తరువాత బాకీ తీర్చే ఏర్పాటుకు నూటికి 4 నుంచి 5 రూపాయల వట్టం. ఇది హెచ్చుగా కనిపిస్తుంది. కాని దారిలో సరుకు దొంగల పాలైతే అప్పిచ్చినవాని సొమ్ము కూడా పోయినట్లే. కనుక ఆ వట్టంలో అప్పు వడ్డీ, ఆపదకు బీమా రెండూ ఇమిడి ఉన్నాయి. దారిలోని రాజుల మధ్య కలహం రేగితే వట్టం మరికొంత పెరిగేది.

లెక్క వేసి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. వెయ్యి రూపాయల హుండీకి వట్టం 40 నుంచి 50 రూపాయలు. ఒక మనిషి అదే దూరం పోవడానికి బండి బాడుగ 40 నుంచి 45. వెయ్యి రూపాయలూ, ఒక మనిషీ దాదాపు ఒకే ఖర్చుతో ప్రయాణం చేసేవన్నమాట!

ఈ ఆర్థిక వ్యవస్థలో మేటి సూరత్ వర్తకుడు వీర్జీ వోరా. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సైతం ఆయన వద్ద చేయిచాచేది. 1650లో గోల్కొండలో కంపెనీ మనుషులు ఆయన నుంచి 10,000 పగోడాలు అప్పు తీసుకున్నారు. ఇంతటి ధనికుని ఇల్లు కూడా 1664లో శివాజీ సేనలు సూరత్‌ను కొల్లగొట్టినప్పుడు లూటీ అయింది. ఆపద దారిలోనే కాక ఇంటి గుమ్మంలోనూ ఉంటుందని నగరం నేర్చుకున్న పాఠం అది.

చక్రం ఆగిన చోటు

గోల్కొండ చేరిన గూడుబండికి ఒక అవధి ఎదురయ్యేది. అక్కడినుంచి మచిలీపట్నం వైపు, దక్షిణాన కన్యాకుమారి వరకు చక్రం సాగదని టావెర్నియర్ రాశాడు. కొండలు, చెరువులు, ఏళ్ళు, ఇరుకు కనుమలు దారికి అడ్డం. వజ్రాల గనులకు ఒక చిన్న బండిని తీసుకుపోయినప్పుడు, చెడ్డచోట్ల దానిని ఏ ముక్కకా ముక్క విడదీసి, మోసి, మళ్ళీ బిగించుకోవలసి వచ్చింది. ఆ ప్రాంతంలో మనుషులకూ సరుకులకూ మోతెద్దులు, గుర్రాలే దిక్కు. సూరత్ ప్రాంతంలో కంటె పెద్ద పల్లకీలు మాత్రం దొరికేవి.

నేడు మోటారు ఇంటి వెనుక జీపు ఎందుకు తగిలిస్తారో ఆనాటి తెలుగు నేల దారులే చెబుతున్నాయి. రాజబాటకు తగిన బండి వేరు, రాళ్ళదారికి తగిన వాహనం వేరు. ఒకే దానితో రెండు పనులు చేయించబోయినవాడు బండిని విప్పి మోయక తప్పదు.

టావెర్నియర్ చూసిన కొల్లూరు గని ప్రాంతం నేడు కృష్ణానదిపై పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నది. గనులు ఆగిపోయినా, వజ్రం సూరత్‌ను విడిచిపోలేదు. ప్రపంచంలోని వజ్రాలలో అత్యధిక భాగం నేడు ఈ నగరంలోనే సానపడుతున్నాయి. తెలుగు నేలకూ సూరత్‌కూ మధ్య రాకపోకలు కూడా ఆగలేదు. ఇప్పుడు వచ్చేది వజ్రం కాదు, మనిషి. తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పనికి తరలివచ్చి లింబాయత్ వంటి పేటలలో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగర ప్రాథమిక విద్యా సమితి తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతున్నది.

ఆ సమితి సూరత్ నగరపాలక సంస్థకు చెందినది. సంస్థ కార్యాలయం ఉన్నది మొఘల్ సరాయిలో. దూరదేశం నుంచి వచ్చినవానికి ఒక రాత్రి తల దాచుకునే చోటు ఉండాలని నాలుగు వందల ఏళ్ళ కిందట కట్టిన గోడలు, వచ్చి ఇక్కడే ఉండిపోయినవారి బిడ్డల చదువు బాధ్యతను నేడు మోస్తున్నాయి. బండి ఎంత మంచిదైనా, బాడుగ ఎంత చౌకైనా, ప్రయాణానికి చివరి అవసరం దిగడానికి ఒక చోటు. ఆ లెక్కలో సూరత్ ఏనాడూ తప్పలేదు.